తెల్ల జాకెట్లకు వేసిన ముడులు

నా చిన్నప్పుడు నేను ఒక మనిషిని మనసారా ద్వేషించిన. ఇప్పుడు తల నెరిసింది, మెట్లెక్కాలంటే మోకాళ్లు పట్టుకోవాల్సి వస్తది, అయినా ఆమె గుర్తొస్తే పళ్లు వాటంతటవే కొరుక్కుంటయ్. ఆమె మాకు కుట్టుపని నేర్పిన టీచరమ్మ. ఆమె వల్లనే నీకు అక్షరం వచ్చింది, ఆమె వల్లనే నీకు ఇంత బువ్వ దొరికింది, ఇంకా ఆ కోపమెందుకని మా ఇంట్లోవాళ్లే అంటరు. అవ్, అక్షరం వచ్చింది. బువ్వ కూడా దొరికింది. అయినా ఆమె మంచిదని నా నోటితో అనిపియ్యలేరు. ఎందుకో చెప్తా, విన్నంక మీరే అనుకోండ్రి.

మా గూడెం భద్రాచలం నుంచి పర్ణశాల పోయే రోడ్డు దిగి అడవిలోకి నడిస్తే వస్తది. ఇంట్లో మా మాట వేరు, బడిలో తెలుగు. బడికి నేను పోయింది కొన్నాళ్లే. అక్కడి సారు మా గూడెం పిల్లలను ముందు గది ఊడ్వమనేటోడు, తర్వాత నీళ్లు మొయ్యమనేటోడు, అప్పటికి ఇంకా పొద్దు మిగిలితే పలక పట్టమనేటోడు. ఇంట్లో ఊడ్చుడు, బడిలో ఊడ్చుడు, రెండు చోట్ల ఎందుకని ఒకనాడు చీపురు తీసుకపోయి ఆయన కుర్చీ మీదనే పెట్టి వచ్చేసిన. మళ్లా ఆ గడప తొక్కలే. మా నాయన కూడా పొమ్మనలే. అక్షరాలు నాకేం రాలేదు గానీ, అక్షరాల మీద కోపం మాత్రం బాగానే వచ్చింది.

నాకు పదమూడో పద్నాలుగో ఏడు నడుస్తుంటే రోడ్డు మీది ఊర్లో చర్చి ఆవరణలో ఒక రేకుల షెడ్డులో కుట్టుమిషన్లు దిగినయ్. బడి మానేసిన ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతరంట, దానితో పాటు చదువు కూడా చెప్తరంట అని ఊరూరా చాటింపు వేసిండ్రు. చదువు సంగతి మేము విననట్టే ఉన్నం. మిషను అనేసరికి మాత్రం మా గూడెం నుంచి మేము కొంతమందిమి ఉరికినం. అక్కడికి పోయినంక తెలిసింది, పొద్దున పలక, మధ్యాహ్నం మిషను. పలక పట్టనోళ్లకు మిషను లేదు. ఇదేం మోసం అని నాకు ఆ మొదటి రోజే కడుపు మండింది.

టీచరమ్మది నేలకొండపల్లి దిక్కు. మెడలో కొలతల టేపు, చేతిలో కత్తెర, నోట్లో వక్కపొడి, మొహం మీద చిరాకు, ఈ నాలుగూ లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలే. చాటుగా కత్తెరమ్మ అనేటోళ్లం. ఆమె ఎవర్నీ కొట్టేది కాదు. కొట్టినా బాగుండేది, దెబ్బ నాలుగు రోజులకు మానిపోతది. ఆమె మనం వేసిన కుట్టు చూసి, పెదవి విరిచి, "ఇప్పు" అనేది. అంతే. నడుం వంచి వేసిన కుట్టంతా ఒక్కొక్క పోగు లాగి విప్పాలె. విప్పినంక "మళ్లా కుట్టు" అనేది. మళ్లా కుడితే మళ్లా "ఇప్పు". ఎందుకు విప్పాలెనో చెప్పదు, ఎక్కడ తప్పుందో చూపెట్టదు. నువ్వే కనిపెట్టుకో అన్నట్టు పక్క మిషను కాడికి పోయేది. ఆమె పాడుగాను అని ఎన్నిసార్లు లోపల తిట్టుకున్ననో.

పలకల పూట నేను నోరు తెరిచేదాన్ని కాదు. బోర్డు మీద ఆమె ఏది రాస్తే దాన్ని ముగ్గు దించినట్టు పలక మీద అచ్చంగా దించేదాన్ని. ఒక్క వంకర తప్పేది కాదు. "ఇదేంది?" అని అడిగితే మాత్రం గోడ దిక్కు చూసేదాన్ని. "నోట్లో బెల్లం పెట్టుకున్నవా?" అనేది. పిల్లలందరూ నవ్వేటోళ్లు, రోడ్డు ఊరి పిల్లలు ఇంకొంచెం గట్టిగా నవ్వేటోళ్లు. వాళ్లకూ మాకూ అసలే పడేది కాదు. మా దగ్గర ఇప్పపువ్వు వాసన వస్తదని వాళ్లు చాప దూరం జరుపుకునేటోళ్లు. వాళ్ల పౌడరు వాసన పడదని మేము కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేటోళ్లం. ఇద్దరికి ఒక మిషను కాబట్టి నాకు జోడీగా పడింది కూడా రోడ్డు ఊరి పిల్లనే. ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఒకే మిషను తొక్కినం, అది ఎట్ల సాధ్యమైందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

కుట్టుపని మాత్రం నాకు చేతిలోకి వచ్చేసింది. గొప్పకు చెప్పుకునుడు కాదు, కత్తెరమ్మే నా కాడ "ఇప్పు" అనుడు తగ్గించింది. మెచ్చుకున్నదని అనుకునేరు, లేదు. ఏమీ అనకుండా ముందుకు పోయేది, అదే ఆమె దగ్గర పెద్ద బహుమానం. ఆ మిషను చప్పుడు వింటుంటే నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించేది. బట్ట మన చేతికింద ముందుకు జరుగుతుంటే, గుండ్రని మెడ తిరిగి తిరిగి వచ్చి కుట్టు కుట్టుకు కలిస్తే, ఆ సంతోషం ఎట్ల చెప్పాలె. ఇదే నా పని, నేను ఇంక దేనికీ పోను అని మనసులో గట్టిగా అనుకున్న.

మా నాయన గట్ల అనుకోలే. ఏటా మిర్చి ఏరేటప్పుడు ముఠా మేస్త్రి లారీ పెట్టుకొని వచ్చి మా గూడెంలో ఆడపిల్లలను ఎక్కించుకొని బోనకల్ దిక్కు తోటలకు తీసుకపోయేటోడు. పోయిన పిల్లలు కాపు అయిపోయేదాక అక్కడనే గుడిసెల్లో పడి ఉండేటోళ్లు. తిరిగొచ్చేసరికి వేళ్ల చివర్లు మండి తోలు లేచిపోయేది, కళ్లు ఎర్రగా ఉబ్బేవి. ఒకసారి పోయిన పిల్ల మళ్లా మళ్లా పోవుడే, ఇంక వేరే పని పట్టేది కాదు. ఆ ఏడు క్రిస్మస్ అయినంక నన్ను పంపుతనని మా నాయన మేస్త్రికి మాట ఇచ్చిండు. నేను ఏడ్చిన, అన్నం మానేసిన, సంగతి షెడ్డులో కత్తెరమ్మ దాక పోయింది. చివరికి మా నాయన ఒక మాట అన్నడు. ఆ మిషను తొక్కితే నలుగురు నీకు పని ఇస్తరని నాకు కనపడాలె, కనపడితే ఉండు, లేకుంటే లారీ ఎక్కు. అంతకంటే ఆయన దిగలే.

అప్పుడే చర్చి ఆడోళ్ల సంఘం నుంచి పని వచ్చింది. క్రిస్మస్ ఆరాధనకు సంఘంలో ఆడోళ్లంతా తెల్లచీర, తెల్ల జాకెట్ వేసుకుంటరు. అందరికీ ఒకే బట్ట తాను తెచ్చి, జాకెట్లన్నీ మా షెడ్డుకే ఇచ్చిండ్రు. ఇచ్చేటప్పుడే సంఘం ప్రెసిడెంటమ్మ ఒంటికాలి మీద లేచింది. ఆమెది పెద్ద గొంతు, బొట్టులేని పెద్ద నుదురు, ఎవరినైనా ఎగాదిగా చూసే చూపు. "ఈ అడవి పిల్లలు కుట్టినవి మేము దేవుని సన్నిధిలో వేసుకోవాల్నా?" అన్నది, మేము వింటుండగనే. పాస్టరమ్మ మెల్లగా సర్దిచెప్పింది. చెడిపోతే షెడ్డు ఖాళీ చెయ్యాల్సి ఉంటదని ప్రెసిడెంటమ్మ చెప్పి మరీ పోయింది. నేను మాత్రం ఆ తెల్లబట్ట చూసి లోపల ఎగిరి గంతేసిన. ఇవి బాగా కుదిరితే సంఘపోళ్ల పని ఏడాది పొడుగునా వస్తది, అది మా నాయన కంటికి కనపడతది, లారీ నన్ను వదిలి పోతది. నాకున్న ఒకే ఒక్క దారి ఆ తెల్ల జాకెట్లే.

మామూలుగా జాకెట్లు ఎవరివో తెలుసుకునుడు పెద్ద కథ కాదు. ఒకరిది పూలది, ఒకరిది చారలది, రంగు చూసి చెప్పొచ్చు. పైగా కొలతకు ఇచ్చిన ఆది జాకెట్ దానితోనే కట్టి పెడతం. ఇక్కడ అన్నీ తెలుపే. ఆది జాకెట్లు కూడా కత్తిరించుడు కాంగనే ఆడోళ్లు తీసుకపోయిండ్రు, ఉన్నవే రెండు మూడు జాకెట్లు, వాళ్లు మాత్రం ఏం వేసుకుంటరు. సుద్దతో రాద్దామంటే తెల్లబట్ట మీద తెల్ల సుద్ద కనపడదు. కత్తెరమ్మ నీలం దారం తీసి, మెడ పట్టీ లోపల ఎవరి పేరు వాళ్లది కుట్టమన్నది. పేరు కుట్టాలంటే పేరు రావాలె. నా జోడీ పిల్ల సూది తీసుకొని మొదలు పెట్టింది. నేను సూది కింద పెట్టిన.

బట్ట పల్చగా ఉంది, నీలం దారం బయటికి కొడతది, దేవుని సన్నిధిలో మెడ మీద పేర్లు కనపడితే ప్రెసిడెంటమ్మ మనల్ని నరుకుతది అన్న. అది నిజం కూడా. అని, చంక కింద కుట్టు లోపల తెల్లదారంతోనే ముడులు వేసి చూపెట్టిన. ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరు ముడి. ప్రెసిడెంటమ్మకు కోపమెక్కువని దగ్గర దగ్గరగా మూడు బిగుతు ముడులు. పాస్టరమ్మ ఆగి ఆగి మాట్లాడుతదని దూరం దూరంగా రెండు. ఎప్పుడూ దగ్గుతుండే ముసలామెకు ఒక ముడి వేసి పక్కన తోక వదిలేసిన. ఇద్దరు తోడికోడళ్లు మాట్లాడుకోరని ఒకామెకు కుడిదిక్కు, ఇంకొకామెకు ఎడమదిక్కు. గిట్ల అందరివీ. వేలు పెట్టి తడిమితే చాలు, కళ్లు మూసుకొని కూడా ఎవరిదో చెప్పేదాన్ని. పిల్లలంతా ఒక్కొక్క జాకెట్ తెచ్చి నన్ను పరీక్ష పెట్టిండ్రు. ఒక్కటి తప్పలే. రోడ్డు ఊరి పిల్లలు కూడా నీలం దారం పక్కన పెట్టేసి నా దిక్కు చూసిండ్రు, అంత తృప్తి నాకు జన్మలో కలగలే.

కత్తెరమ్మ వచ్చి ఒక జాకెట్ తిరగేసి ముడి మీద వేలు పెట్టి చూసింది. వద్దంటదని, ఇప్పు అంటదని నేను కాచుకొని కూర్చున్న. ఆమె వక్కపొడి ఇటు నుంచి అటు నములుకుంటా, "బాగనే ఉన్నయ్, నీ ఒక్కదానికి" అన్నది. అని వెళ్లిపోయింది. ఓడిపోయింది, అందుకే ఏమీ అనలేకపోయింది అనుకున్న. ఆ మాటలో సగమే నేను విన్నట్టున్న.

ఆరాధన రేపనగా ఆ మధ్యాహ్నం ఆడోళ్లు వచ్చి జాకెట్లు తీసుకపోవాలె. నేను పొద్దున్నే తలంటుకొని, ఉన్నదాంట్లో మంచి లంగాఓణీ వేసుకొని పోయిన. ఎవరి జాకెట్ వాళ్లకు నా చేత్తో ఇస్తుంటే మా నాయన చూడాలని, ఆయనను కూడా రమ్మని చెప్పి పెట్టిన. షెడ్డులో అడుగు పెట్టంగనే కత్తెరమ్మ నన్ను పిలిచింది. హుక్కులు అయిపోయినయంట, జల్దీ భద్రాచలం పోయి తేవాలంట. జాకెట్లన్నిటికీ హుక్కులు పెట్టేసినం గదా, ఇంక దేనికి అన్న. పండగ అయినంక పనికి కావాలె అన్నది. అయితే పండగ అయినంకనే తెస్త అన్న. ఆమె నా మొహం చూడకుండా, "పోతవా, మిషను మీద నుంచి లేపాల్నా?" అన్నది. పక్కన ఇంకెవరినైనా పంపొచ్చు గదా అంటే వినలే. బస్సెక్కి కూర్చున్నంక కూడా నేను ఆమెను తిడుతనే ఉన్న.

భద్రాచలంలో హుక్కులు కొనుడు ఎంతసేపు, వెంటనే అయిపోయింది. వచ్చేటప్పుడే తంటా. పర్ణశాల పోయే యాత్రికులతో బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నయ్. ఒకటి ఆపకుండనే పోయింది, రెండోదాంట్లో ఫుట్‌బోర్డు మీద ఒంటికాలుతో నిలబడి వచ్చిన. రోడ్డు ఊరు దగ్గరికి రాంగనే కేకలు వినపడ్డయ్. బస్సు చప్పుడు కంటే పెద్ద కేకలు. అవి మా షెడ్డు నుంచే వస్తున్నయని తెలిసి దిగి ఉరికిన.

లోపలికి పోతే అంతా ఆగమాగం. చాప మీద జాకెట్లన్నీ కుప్పగా పడి ఉన్నయ్, ఆడోళ్లు వాటి మీద పడి లాక్కుంటున్నరు. నేను లేనప్పుడు కత్తెరమ్మ చేతికి ఏది వస్తే అది ఇచ్చేసిందంట. ప్రెసిడెంటమ్మకు ఇచ్చింది మోచెయ్యి దాటి ఎక్కలే, గుంజితే భుజం కుట్టు కాడ చిరిగింది. పాస్టరమ్మకు ఎవరో కొత్తకోడలి జాకెట్ పోయింది, వీపు మొత్తం కనపడే లోతు మెడ. పాపం ఆమె దాన్ని వేసుకొని చూసుకొని, చీర కొంగు చుట్టుకొని, మూలకు పోయి నిలబడ్డది. తోడికోడళ్లు ఇద్దరూ ఒకే జాకెట్ రెండు చేతులు పట్టుకొని గుంజుకుంటున్నరు. మా పిల్లలు ముడులు తడుముతున్నరు గానీ ఏ ముడి ఎవరిదో ఒక్కదానికీ తెలుస్తలే. మా నాయన గుమ్మం బయట నిలబడి ఇదంతా చూస్తున్నడు.

ప్రెసిడెంటమ్మ చిరిగిన జాకెట్ కత్తెరమ్మ మొహం ముందర ఆడిస్తున్నది. "రేపటికల్లా ఈ మిషన్లు బయట పారేస్త! చెప్పిననా, ముందే చెప్పిననా లేదా ఈ అడవి పిల్లల సంగతి!" అని అరుస్తున్నది. కత్తెరమ్మ తన కుర్చీలో కూర్చొని వక్కపొడి నములుతున్నది, అంతే. నన్ను చూసి, వచ్చినవా అని కూడా అనలే. "నీ ముడులు నువ్వే చదువు" అన్నది.

నాకు ఏడుపు వస్తున్నది, కోపం వస్తున్నది. ఏడ్చుడు తర్వాత అనుకొని కుప్ప ముందర కూర్చున్న. ఒక్కొక్కటీ తీసి, చంక కింద వేలు పెట్టి, ఇది నీది, ఇది నీది అని ఇచ్చిన. దగ్గే ముసలామెకు ఇచ్చిన. తోడికోడళ్లకు చెరొకటి ఇచ్చిన, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తీసుకున్నరు. పాస్టరమ్మ తనది అందుకొని నా తల నిమిరింది. ప్రెసిడెంటమ్మ తనది వేసుకొని వచ్చి, చేతులు పైకెత్తి కిందికి దించి చూసుకొని, ఎక్కడా వంక దొరకక ఇంకా మొహం మాడ్చుకున్నది. "ఇది నాదని నీకెట్ల తెలుసు?" అన్నది. మూడు ముడులమ్మా అన్న. "నాకు మూడెందుకు?" అన్నది. ఊరికే అన్న. అది చెప్పే ధైర్యం ఆ పొద్దు కాదు, ఏ పొద్దూ రాలే. చిరిగిన జాకెట్ ఎవరిదో ముడి తడిమి చూసి, అక్కడికక్కడే అతుకు తెలవకుండా బాగుచేసి వాళ్లకు ఇచ్చిన.

అందరూ సర్దుకుంటున్నప్పుడు కత్తెరమ్మ కుర్చీలో నుంచి లేచింది. ప్రెసిడెంటమ్మ దిక్కు చూసి, ఈ పిల్ల వచ్చేవారం మిర్చి లారీ ఎక్కుతదమ్మా, ఈస్టరుకు జాకెట్లు ఎవరివో ఎవరు చెప్తరు మరి అన్నది. చాలా మామూలుగా అన్నది, వాన వచ్చేటట్టుంది అన్నట్టు. ప్రెసిడెంటమ్మ గిర్రున తిరిగింది. "ఎందుకు ఎక్కుతది? ఎవడు ఎక్కిస్తుండు?" అన్నది. మా నాయన గుమ్మం కాడ నుంచి మెల్లగా జరిగి పోయిండు. "పేరు మాత్రం రాయాలె, ఈ ముడులు గిడులు నాకొద్దు, చెప్తున్న" అని నా మీద కూడా కేకేసి ఆమె పోయింది.

షెడ్డు ఖాళీ అయినంక నేను తెచ్చిన హుక్కులు పెట్టడానికి కత్తెరమ్మ రేకుపెట్టె తెరిచిన. లోపల హుక్కుల ప్యాకెట్లు నిండుగా ఉన్నయ్, ఒకదాని మీద ఒకటి, కాగితం కూడా చింపకుండా. కొంచెంసేపు నాకు అర్థం కాలే. అర్థమైనంక పెట్టెను కాలితో తన్నిన. హుక్కులు ఉండంగ నన్నెందుకు పంపినవ్ అని అడిగిన. జీవితంలో మొదటిసారి ఆమెను నువ్వు అని పిలిచిన. ఆమె కోప్పడలే. అడవిలో దారి చీలిన కాడ మీవాళ్లు గడ్డి ముడేసి పోతరు గదా, మీ అమ్మ వేసిన ముడి ఎవరు చదువుతరు అన్నది. అందరూ చదువుతరు అన్న. "నీ ముడి?" అన్నది.

నిజమే గదా, మా అమ్మ ఆ గడ్డి ముడి వేసి వెళ్లిపోతది, వెనక ఎవరొస్తరో ఆమెకు తెల్వదు, వచ్చినోళ్లకు మాత్రం ఆమె ఎటు పోయిందో తెలుస్తది. మనిషి లేకున్నా ఆ మనిషి మాట అక్కడ నిలబడి ఉంటది. నేను వేసిన ముడులకు నేను లేకుంటే నోరు లేదు. పలక మీద ఆమె గీయించిన వంకర గీతలు ఏంటివో, ఎందుకో, ఆ క్షణాన నాకు తెలిసిపోయింది. సారు కుర్చీ మీద చీపురు పెట్టి వచ్చిన నాటి నుంచి నాకు ఎవరూ చెప్పని సంగతి అది. ఇంత వరకూ అందరూ చెప్పే కథే, నాకు కూడా ఇంతవరకే ఉంటే ఆమెకు రెండు చేతులెత్తి మొక్కేదాన్ని.

నేను ఇంకొకటి అడిగిన. ఒకవేళ నాకు బస్సు దొరక్కపోతే? నేను వచ్చేసరికి వాళ్లంతా జాకెట్లు విసిరికొట్టి పోయి ఉంటే? మా నాయన చూసింది ఆ ఆగమే గదా, నన్ను లారీ ఎక్కించేటోడు గదా అన్న. ఏదో ఒకటి చెప్తదనుకున్న. నేను అడ్డం పడేదాన్ని అంటదనుకున్న, మీ నాయనతో ముందే మాట్లాడిన అంటదనుకున్న. అబద్ధమైనా సరే చెప్పాలని ఎంతగా కోరుకున్ననో. ఆమె తెల్లబట్ట మిగిలిన ముక్కలు మడత పెట్టుకుంటా, "ఎక్కేదానివే" అన్నది. అని ఇంకో ముక్క తీసింది.

మర్నాడు ఆరాధన అయిపోంగనే ప్రెసిడెంటమ్మ తెల్లచీర, తెల్ల జాకెట్ మీదనే మా గూడెం దారి పట్టి వచ్చింది, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని, మా కుక్కలను తిట్టుకుంటా. మా నాయనను నిలబెట్టి చెప్పింది, సంఘం పని మొత్తం ఈ పిల్లకే ఇస్త, లారీ ఎక్కిస్తే ఊరుకోను అని. మా నాయన తల వంచుకొని విన్నడు. మేస్త్రి లారీ వచ్చి హారన్ కొట్టి కొట్టి నేను లేకుండనే పోయింది. ఆ లారీలో నా ఈడు పిల్లలు కూర్చొని నా దిక్కు చూసుకుంటా పోయిన చూపు నేను మర్చిపోలే. వాళ్లలో ఒకరిద్దరు నాకంటే బాగా కుట్టేటోళ్లే.

తర్వాత నేను రాసుడు నేర్చుకున్న. అందరూ మొదట తమ పేరు నేర్చుకుంటరు. నేను మొదట నేర్చుకున్నది నన్ను అడవి పిల్ల అని తిట్టినామె పేరు, ప్రెసిడెంటమ్మ పేరు. అందులో రెండు ఒత్తులు ఉన్నయ్, రెండూ నన్ను ఏడిపించినయ్. కత్తెరమ్మ అదే పెదవి విరుపుతో "ఇప్పు" అన్నది, నేను నీలం దారం విప్పి మళ్లా కుట్టిన. ఆ పేరు తప్పు లేకుండా వచ్చిన రోజు కూడా ఆమె నన్ను మెచ్చుకోలే. నేనూ ఆమెకు థాంక్స్ చెప్పలే. ఆమె షెడ్డు వదిలి పోయే రోజున పిల్లలంతా బస్సు దాక పోయి ఏడ్చిండ్రు. నేను మిషను మీద నుంచి లేవలే.

ఇప్పుడు బడి మానేసిన పిల్లలకు కుట్టుపని నేర్పుడు నా పని. కాలం మారింది, మొండితనం మారలే. ఈ పిల్లలు పేర్లు రాయరు, జాకెట్ ఫోటో ఫోన్‌లో తీసి, పక్కన గొంతుతో ఏదో చెప్పి పెట్టుకుంటరు. ఫోన్ నీ దగ్గర ఉంటది, నువ్వు లేనప్పుడు షాపులో ఎవరికి తెలవాలె అంటే, నేనుంట గదా మేడమ్ అంటరు. అచ్చం నా మొహమే, అదే పొగరు. పోయినేడు ఒక పిల్ల నన్ను మరీ సతాయించింది. దాన్ని కూడా పెళ్లివాళ్లు జాకెట్లు తీసుకపోయే రోజున ఏదో పని మీద భద్రాచలం తోలితే ఒక్క పూటలో బుద్ధి వస్తదని నాకు తెలుసు. నాకంటే బాగా ఎవరికి తెలుసు? బస్సు చార్జీ చేతిలో పట్టుకొని కూడా కొంచెంసేపు నిలబడ్డ.

పంపలే. ఆ పిల్లకు ఇంటి కాడ ఏముందో, ఏ లారీ ఎదురు చూస్తున్నదో నాకు తెల్వదు. కత్తెరమ్మకు నా సంగతి తెలుసు, తెలిసి కూడా నా బతుకు పందెం పెట్టింది. గెలిచింది. నేను గెలిచిన కాబట్టి ఇయ్యాల కథ చెప్తున్న, ఓడిపోయి ఉంటే ఈ కథ చెప్పేటోళ్లే లేరు. అందుకే నేను ఆ పిల్ల పక్కన కూర్చొని, ఒత్తు దగ్గర వేలు పెట్టి, ఇక్కడ తప్పింది చూడు, ఇట్ల తిప్పు అని చెప్పిందే చెప్తున్న, ఇంకా చెప్తనే ఉన్న. దానికి ఇంకా సరిగ్గా రాలే. అక్షరం నేను ఆమె దగ్గరే నేర్చుకున్న, నేర్పుడు మాత్రం ఆమె దగ్గర నేర్చుకోలే.